పదకొండూ పది గాడు, ఆగిన గడియారం

మన బ్యాచ్ రీయూనియన్ సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు మూడోసారి మెసేజ్ పెట్టారు, ఇక తప్పించుకోలేక రాస్తున్నా. హాస్టల్ మేడ మెట్ల సంగతి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు (రాయకపోతేనే మంచిది). నేను గడియారం గురించే రాస్తా.

ఆ రోజు ఫిలాసఫీ క్లాసులో మాస్టారు టైమెంతైందిరా అంటే వెనక బెంచీ హీరో తలెత్తి గోడ చూసి పదకొండూ పది సార్ అన్నాడు, ఆయన తన వాచీ చూసుకున్నారు, సరిగ్గా పదకొండూ పదే. కానీ ఆ గడియారం ఆగిపోయి అప్పటికే రెండు నెలలు, వాడొక్కడికే తెలీదు (క్లాసుకొస్తేగా!). నవ్వులు ఆగాక మాస్టారు, మరి వీడికి టైం తెలిసినట్టా తెలియనట్టా అన్నారు. ఇక సిలబస్ అటకెక్కింది. వాడు నమ్మాడు, నమ్మింది నిజం, గడియారం చూసి నమ్మడం తప్పేం కాదు, ఇంకేం కావాలి సార్ అని మనం. అప్పుడు చెప్పారు, నమ్మింది నిజమై, నమ్మడానికి సరైన కారణం ఉంటే అదే తెలియడం అనే ఈ లెక్క ప్లేటో సంభాషణల్లోనే కనపడుతుందని, దాన్ని 1963లో గెటియర్ అనే ఫిలాసఫర్ మూడు పేజీల వ్యాసంతో పడగొట్టాడని, ఆగిన గడియారం ఉదాహరణ అంతకుముందే రస్సెల్ అనే ఇంకో ఫిలాసఫర్ రాశాడని.

వెంటనే మన లెక్కల మహానుభావుడు లేచి, 2400 ఏళ్ళు ఆలోచించి ఉన్న జవాబు కూడా పోగొట్టుకున్నారన్నమాట, దీన్ని ప్రోగ్రెస్ అంటారా సార్ అన్నాడు. మాస్టారు కోప్పడలా. "పొద్దున నువ్విచ్చిన జవాబు మళ్ళీ ఇస్తావా? ఇవ్వలేవుగా. అదే ప్రోగ్రెస్." ఇంకోటి కూడా అన్నారు, న్యూటన్ 1687 పుస్తకం పేరులోనే ప్రకృతి తత్వశాస్త్రం అని ఉంది, తర్వాత అది ఫిజిక్స్ అయి బయటికెళ్ళిపోయింది, ఉద్యోగాలొచ్చినోళ్ళు వెళ్ళిపోయాక మిగిలినోళ్ళని చూసి ఈ ఇంట్లో ఎవరికీ ఉద్యోగం రాలేదంటే ఎలారా అని.

మాస్టారి జవాబు నాకు ఇప్పటికీ సగమే నచ్చుతుంది. 2020 సర్వేలో 1700 మందికి పైగా ఫిలాసఫర్లని అడిగితే స్వేచ్ఛాసంకల్పం (మనం చేసేది నిజంగా మన ఇష్టంతోనేనా అన్న ప్రశ్న) మీద కూడా ఒక్క మాట మీదకి రాలేదు, అందరూ ఒప్పుకోవడమే ప్రోగ్రెస్‌కి కొలత అయితే ఫెయిలే మరి. నేనైతే మూసుకుపోయిన దారులు (పనికిరావని తేలిన జవాబులు) లెక్కపెడతా, ఎందుకు మూసుకుపోయాయో చెప్పగలిగితే చాలు.

తర్వాత డిగ్రీ ఎలా అయిందో గుర్తులేదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్ నడుపుతున్నా, పాతిక మంది. ఎవరైనా పాస్ అయిందని రిపోర్ట్ తెస్తే ముందు గడియారం నడుస్తోందో లేదో చూడండి అంటా, అర్థం ఎవరికీ తెలీదు, అయినా చూస్తారు. అలా చూడబట్టే ఓసారి పెద్ద తప్పు దొరికింది, ప్రమోషన్ కూడా వచ్చింది, సర్లే.

పదకొండూ పది గాడు వస్తున్నాడట. కమిటీకి ఒకటే రిక్వెస్ట్, గోడలకి రంగులేయించండి, బెంచీలు మార్పించండి, ఆ గడియారంలో మాత్రం సెల్ వెయ్యకండి.