సాలూరు రైలు బొబ్బిలిలో ఆగిపోకూడదు

మా పిన్ని సాలూరులో ఉంటుంది. మూడు నెలలకొకసారి కళ్ళు చూపించుకోవడానికి ఆమె విశాఖపట్నం రావలసి వస్తుంది. తెల్లవారుజామున ఐదింటికే కాంప్లెక్సుకు చేరి బస్సెక్కి, రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం మీదుగా మా ఇంటికి వచ్చేసరికి తొమ్మిది దాటిపోతుంది. అప్పటికి మోకాళ్ళు పట్టేసి, మా రెండో అంతస్తు మెట్లెక్కడానికి ఆమెకు మరో పావుగంట పడుతుంది. కిందటిసారి వచ్చినప్పుడు మెట్ల మధ్యలో ఆగి, "రైలైతే కాళ్ళు చాపుకొని కూర్చునేదాన్నిరా, ఒకసారి లేచి నాలుగడుగులు నడిచేదాన్ని కూడా" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి సాలూరు రైలు గురించి వివరంగా రాయాలని అనుకుంటున్నాను. ఇప్పుడు దానికి తగిన సందర్భం కూడా వచ్చింది. 2025 ఫిబ్రవరి 7న కేంద్ర మంత్రివర్గం విశాఖ కేంద్రమైన కొత్త రైల్వే జోన్, దక్షిణ కోస్తా రైల్వే పరిధిని ఖరారు చేస్తూ, వాల్తేరు డివిజన్‌లో సుమారు 410 కిలోమీటర్లను విశాఖపట్నం డివిజన్ పేరుతో కొనసాగించాలని నిర్ణయించింది. ఆ మార్గాల జాబితాలో బొబ్బిలి - సాలూరు పేరు స్పష్టంగా ఉంది.

విజయనగరం నుంచి పార్వతీపురం వరకు 79 కిలోమీటర్ల మార్గం 1908-09లో మొదలైంది. సాలూరుకు పొడిగింపు 1913లో వచ్చింది. పార్వతీపురం నుంచి రాయపూర్ వరకు మార్గం 1931 నాటికి పూర్తయ్యాక ఇనుప ఖనిజం, బొగ్గు, దూరప్రాంతపు రైళ్ళు అన్నీ అటే సాగిపోయి, సాలూరు మాత్రం బొబ్బిలి నుంచి 18 కిలోమీటర్ల పక్కకొమ్మగా మిగిలిపోయింది. అంటే రాయపూర్ రైలు కంటే సాలూరు రైలే వయసులో పెద్దది. కొండల నుంచి దిగే సరుకుకు, సంతకు వచ్చే గిరిజనులకు, మైదానం వైపు వెళ్ళే ప్రతి ఒక్కరికీ సాలూరే తొలి మజిలీ కాబట్టి ఆ రోజుల్లో అక్కడికి పట్టాలు వేశారు. ఆ భౌగోళిక కారణం ఈనాటికీ మారలేదు. కోరాపుట్ ఘాట్ రోడ్డు ఇప్పటికీ సాలూరు దగ్గరే నేల మీదికి దిగుతుంది. సాలూరు లారీల ఊరుగా పేరు పొందడానికి కూడా అదే కారణం.

నాకు గుర్తున్న సాలూరు రైలు ఒకే పెట్టె ఉన్న రైల్‌బస్. బస్సులాంటి ముఖంతో, రైలు చక్రాలతో అది బొబ్బిలికీ సాలూరుకూ మధ్య రోజూ తిరుగుతూ ఉండేది. సెలవులకు పిన్ని ఇంటికి వెళ్ళేటప్పుడు విశాఖలో రైలెక్కి, బొబ్బిలిలో దిగి, దాని కోసం చూస్తూ కూర్చునేవాళ్ళం. మామిడి తోటలు, చెరకు చేలు, దూరంగా నీలంగా కొండలు కనిపించే ఆ చివరి ముక్క ప్రయాణం పిల్లలందరికీ ఇష్టం. పెద్దలకు మాత్రం అదే బెంగ. ప్రధాన మార్గం మీద మా రైలు అరగంట ఆలస్యమైతే రైల్‌బస్ అందేది కాదు, తరువాతి దాని కోసం గంటల తరబడి కూర్చోవాలి. ఒకసారి అలా తప్పిపోయి, నాన్న మమ్మల్ని సామానుతో సహా బస్సెక్కించారు. ఆ తరువాత ఆయన ఎప్పుడూ బొబ్బిలి మీదుగా ప్రయాణం పెట్టుకోలేదు. రైల్‌బస్‌లో జనం లేరని, ఆ మార్గానికి గిరాకీ లేదని అనే మాట విన్నప్పుడల్లా నాకు నాన్న తీసుకున్న ఆ నిర్ణయమే గుర్తుకు వస్తుంది. ఆ మార్గంలో జనం తగ్గడానికి కారణం సాలూరులో లేదు, బొబ్బిలిలో రైలు మారడంలో ఉంది.

2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా రైళ్ళు ఆగినప్పుడు రైల్‌బస్ కూడా ఆగింది. ఇతర రైళ్ళు ఒక్కొక్కటిగా పట్టాలెక్కినా అది ఎక్కలేదు. ఆ తరువాత ఈ మార్గాన్ని విద్యుదీకరించారు. స్తంభాలు నిలబెట్టి, తీగలు లాగి, ఇంత ఖర్చు పెట్టిన మార్గాన్ని వాడకం లేని మార్గం అని పిలవవలసి రావడం నాకు బాధ కలిగిస్తుంది. కానీ బాధతో పాటు ఒక భరోసా కూడా ఉంది. మన దగ్గర భూమి పోలేదు, పట్టాలు పోలేదు, పైగా కరెంటు వచ్చింది.

ఇది ఎంత పెద్ద అదృష్టమో బ్రిటన్ అనుభవం చూస్తే తెలుస్తుంది. అక్కడ నష్టాల మార్గాలను మూసేయమన్న 1963 నాటి బీచింగ్ నివేదిక తరువాత వేల కిలోమీటర్ల గ్రామీణ మార్గాలను మూసివేశారు. ఎడిన్‌బరో నుంచి దక్షిణంగా కొండ ప్రాంతపు ఊళ్ళకు వెళ్ళే మార్గం 1969 జనవరిలో ఆగిపోయింది. వంతెనలు తీసివేశారు, ఒకచోట కొత్తగా వేసిన నగర బైపాస్ రోడ్డు ఆ దారిని అడ్డంగా కోసేసింది. అందులో సుమారు 48 కిలోమీటర్లను తిరిగి నిర్మించి 2015 సెప్టెంబరులో రైలు నడపడానికి దాదాపు 30 కోట్ల పౌండ్లు ఖర్చయింది. మొదటి ఏడాది ఆరున్నర లక్షల ప్రయాణాలు జరుగుతాయని అంచనా వేస్తే పది లక్షలు దాటాయి. అయితే ఖర్చు తగ్గించడానికి రెండు లైన్ల భాగాన్ని కుదించి ఎక్కువ దూరం ఒకే లైను వేసినందువల్ల, ఒక రైలు ఆలస్యమైతే ఎదురు రైలు కూడా ఆలస్యమవుతూ వచ్చింది.

నాకు సాలూరు కథకు మరింత దగ్గరగా అనిపించేది బ్రిటన్‌లోనే ఉన్న ఓక్‌హాంప్టన్ మార్గం. ఆ ఊరి నుంచి ఎక్సెటర్ నగరానికి సుమారు 40 కిలోమీటర్లు. 1972లో రోజువారీ ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి కానీ, పక్కనే ఉన్న మెల్డన్ క్వారీ నుంచి కంకర తరలించవలసి ఉన్నందువల్ల పట్టాలు మిగిలాయి. 1997 నుంచి వేసవి ఆదివారాల్లో మాత్రం కొన్ని రైళ్ళు నడిచేవి. 2021 నవంబరు 20న రోజువారీ రైళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. పట్టాలు ఉన్నందువల్ల ఖర్చు 4 కోట్ల 5 లక్షల పౌండ్లతో సరిపోయింది. మొదట రెండు గంటలకొక రైలు వేసి, 2022 మే నుంచి గంటకొకటి చేశారు. ఏడాదిలో రెండున్నర లక్షలకు పైగా ప్రయాణాలు జరిగాయి. వేసవి ఆదివారపు రైలు ఇరవై ఏళ్ళకు పైగా చేయలేని పనిని గంటకొక రైలు ఏడాదిలో చేసింది. పట్టాలు అవే, ఊరు అదే. మారింది వేళల పట్టిక. మనవాళ్ళు శ్రద్ధగా చదవవలసింది ఆ పట్టికనే అని నా నమ్మకం.

అంత దూరం పోనక్కరలేదు, మన శ్రీకాకుళం జిల్లా నుంచి ఒడిశాలోకి వెళ్ళే నౌపడ - గుణుపూర్ మార్గం ఉంది. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి చొరవతో 1900 ఏప్రిల్‌లో నౌపడ నుంచి పర్లాకిమిడి వరకు మొదలైన ఆ చిన్న గేజి రైలు తొలి ఏళ్ళలో నష్టాల్లోనే నడిచింది. 1910 తరువాత కొద్దిగా, 1924-25 తరువాత బాగా లాభాలు రావడంతో 1931 నాటికి గుణుపూర్ వరకు పొడిగించారు. మొదటి పదేళ్ళ లెక్కలు చూసి మూసేసి ఉంటే ఆ 90 కిలోమీటర్ల మార్గమే ఉండేది కాదు. 2004లో చిన్న గేజి రైలు ఆగింది. బ్రాడ్‌గేజి పనులు ఏళ్ళ తరబడి సాగుతున్నప్పుడు, ఆ రైలు ఇక రాదని టెక్కలి, పాతపట్నం వైపు బంధువులు అనడం నేను విన్నాను. 2011లో గుణుపూర్ వరకు బ్రాడ్‌గేజి పూర్తయింది. ఆ తరువాత అక్కడి నుంచి విశాఖకు, పూరీకి నేరుగా రైళ్ళు వచ్చాయి. నౌపడలో దిగి రైలు మారవలసిన అవసరం పోవడమే ఆ మార్గానికి ప్రాణం పోసింది. పాతపట్నం మనిషి ఉదయం ఎక్కి విశాఖలో దిగగలుగుతున్నప్పుడు, సాలూరు మనిషి బొబ్బిలిలో ఎందుకు దిగాలి?

అందుకే సాలూరుకు మళ్ళీ రైల్‌బస్ వేయండి అని అడగడం నాకు సరిపోయినట్టు అనిపించదు. తీగలు ఉన్నాయి కాబట్టి మెమూ రైలు, అంటే దగ్గరి ఊళ్ళ మధ్య కరెంటుతో నడిచే రైలు, అడగాలి, అది విజయనగరం మీదుగా విశాఖ వరకు రావాలి. మెమూకు రెండు చివరలా డ్రైవరు క్యాబిన్ ఉంటుంది కనుక సాలూరులో ఇంజను తిప్పి మరో వైపు తగిలించే పని ఉండదు, వచ్చిన రైలు కొద్ది నిమిషాల్లో తిరిగి బయలుదేరవచ్చు. సాలూరు నుంచి విజయనగరం 70 కిలోమీటర్ల పైచిలుకు, విశాఖ సుమారు 130 కిలోమీటర్లు. నెలవారీ సీజన్ టికెట్టు 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు కాబట్టి విశాఖ కూడా ఆ పరిధిలోనే ఉంది. రోజూ విశాఖ వరకు వచ్చిపోయేవారు తక్కువే ఉండవచ్చు. కానీ విజయనగరం కళాశాలలకు, కార్యాలయాలకు, దుకాణాలకు రోజూ వెళ్ళేవారు, వారానికొకసారి ఆసుపత్రి పని మీద విశాఖ వచ్చేవారు ఒకే రైలులో ప్రయాణించగలరు. గజపతినగరానికి దగ్గరలోని మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయ శాశ్వత ప్రాంగణానికి 2023లో శంకుస్థాపన జరిగింది. సాలూరు పరిసరాల నుంచి చదువుకోవడానికి వచ్చే పిల్లలకు ఈ రైలు కంటే చవకైన దారి వేరే ఉండదు.

చవక అన్న మాట ఊరికే అనలేదు. కరోనా తరువాత పాసింజర్ రైళ్ళు ఎక్స్‌ప్రెస్ ఛార్జీలతో తిరిగి వచ్చినప్పుడు కనీస ఛార్జీ 10 రూపాయల నుంచి 30 రూపాయలయింది. 2024 ఫిబ్రవరిలో దాన్ని మళ్ళీ 10 రూపాయలకు దించారు. రామభద్రపురం నుంచి బొబ్బిలికి కూరగాయల బుట్టతో వెళ్ళే మనిషికి ఆ 20 రూపాయల తేడాయే రైలెక్కాలా, ఆటో ఎక్కాలా అని తేలుస్తుంది.

ఇక 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది, బొబ్బిలి విజయనగరం జిల్లాలోనే ఉంది. సాలూరువాళ్ళకు ఇప్పుడు కలెక్టరు కార్యాలయం పార్వతీపురంలో ఉంది, పెద్ద ఆసుపత్రులూ చదువులూ మాత్రం విజయనగరం, విశాఖల్లో ఉన్నాయి. బొబ్బిలి నుంచి ఒక దిక్కున పార్వతీపురం, మరో దిక్కున విజయనగరం. అందువల్ల ఉదయం సాలూరు నుంచి వచ్చే రైలుకు బొబ్బిలిలో పార్వతీపురం వైపు వెళ్ళే రైలు కూడా అందేలా వేళలు కుదరాలి. ఇక్కడ మాత్రం మారక తప్పదు, కాబట్టి అది ఒకే ప్లాట్‌ఫారం మీద, పది పదిహేను నిమిషాల్లో జరిగిపోవాలి.

ఇబ్బందులు లేవని నేను అనను. విజయనగరం - కొత్తవలస మధ్య హౌరా వైపు రైళ్ళు, రాయపూర్ వైపు రైళ్ళు, గూడ్సు బళ్ళు అన్నీ ఒకేచోట చేరతాయి. ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య అక్కడ కొత్త రైలుకు దారి ఇవ్వడం సులభమైన పని కాదు. దానికి ఒక మార్గం నాకు తోస్తోంది. మొదట్లో రెండు రైళ్ళను విజయనగరం వరకు మాత్రమే నడిపి, విశాఖకు రోజుకు ఒక్కటే నేరుగా నడపవచ్చు. ఆ ఒక్కటీ ఉదయం తొమ్మిదిన్నర లోపు విశాఖ చేరాలి, సాయంత్రం ఆరు తరువాత బయలుదేరాలి. మధ్యాహ్నం పన్నెండుకు బయలుదేరే రైలు వేసి, ఎవరూ ఎక్కడం లేదని ఆరు నెలలకు తీసేస్తే అది ఈ మార్గానికి చేసే అన్యాయమే అవుతుంది.

అదే మంత్రివర్గ నిర్ణయం గుణుపూర్ మార్గాన్ని పర్లాకిమిడి దగ్గర రెండుగా విభజించి, పైభాగాన్ని ఒడిశాలో పొరుగు జోన్‌కు చెందిన రాయగడ డివిజన్‌కు ఇచ్చింది. ప్రధాన మార్గం కూనేరు వద్ద రెండు జోన్ల మధ్య విడిపోతుంది. సాలూరు మార్గానికి ఆ చిక్కు లేదు. సాలూరు నుంచి విశాఖ వరకు ప్రతి కిలోమీటరూ ఒకే డివిజన్ చేతిలో ఉంటుంది, వేళల పట్టిక వేసే అధికారులు విశాఖలోనే కూర్చుంటారు. పొరుగు జోన్ అనుమతి అవసరం లేని రైలు ఇది.

ఈ విషయాలన్నీ ఒక వినతిపత్రంగా రాసి, పిన్నికి ఫోనులో చదివి వినిపించాను. మొత్తం విని, వేళలు బాగానే ఉన్నాయి కానీ సాలూరు స్టేషనులో ప్లాట్‌ఫారం నేల మట్టానికే ఉంటుందని, రైలు మెట్టు అందుకోవడానికి తనలాంటివాళ్ళు ఇంకొకరి చెయ్యి పట్టుకోవలసి వస్తుందని చెప్పింది. "ఎత్తు పెంచమని కూడా రాయరా, ఎక్కలేనప్పుడు ఎన్నింటికి వస్తే ఏం?" అంది. ఆ వాక్యాన్ని మొదటి పేరాలోనే చేర్చి, సోమవారం పంపిస్తున్నాను.