మూర పూలు

నిద్ర పట్టడం లేదు. సాయంత్రం నుంచీ ఒకే మాట చెవిలో తిరుగుతోంది.

పటమట రైతుబజారు బయట మల్లెపూలు కొంటున్నాను. పూలావిడ మోచేతి దాకా రాకముందే దారం తుంచబోతుంటే "సరిగ్గా కొలువమ్మా" అన్నాను. ఎప్పుడూ అనేదే. పక్కనున్న మావారు "ఇంకా మూర పూల దగ్గర బేరమేంటే? ఇప్పుడు మనకేం తక్కువ?" అన్నారు, ఆవిడ వినేలా. ఆవిడ నా మొహంలోకి చూసి, ఇంకో రెండు జానలు కలిపి తుంచింది. డబ్బులు తీసుకుంటూ "ఉంటానమ్మగారూ" అంది. ఇన్నేళ్ళూ నన్ను అక్కా అని పిలిచిన మనిషి!

దారంతా ఆయనతో మాట్లాడలేదు.

అన్నయ్య ప్లాటు అమ్మి నా వాటా పంపి పన్నెండు రోజులైంది. అంకె రాయను, వాడికి మాటిచ్చాను. రాజధాని అమరావతి కోసం నాన్న ల్యాండ్ పూలింగ్‌కి, అంటే పొలం ఇచ్చి బదులుగా ప్లాట్లు తీసుకునే పథకానికి, ఇచ్చింది వెంకటపాలెంలో అరెకరం జరీబు, నీటివసతి ఉన్న మంచి నేల. దానికి 500 గజాల ఇంటి స్థలం, 225 గజాల వాణిజ్య స్థలం వచ్చాయి. అమ్మింది మొదటిది. 2019 డిసెంబరులో మూడు రాజధానులు అన్నాక ఆ కాగితాల వంక చూసినవాళ్ళు లేరు. నాన్న ఆ బెంగతోనే పోయారు. 2024 తర్వాత మళ్ళీ ఫోన్లు మొదలయ్యాయి. వచ్చినట్టే వచ్చి, పోయి, మళ్ళీ వచ్చిన డబ్బు ఇది. ఖాతాలో కనిపిస్తున్నా నమ్మబుద్ధి కావడం లేదు.

అందుకే మొదటిరోజే గట్టిగా అనుకున్నాను. ఆరు నెలలు దాచడమే తప్ప ఖర్చు లేదు. ఆడిటర్ని కలిసేదాకా ఎవరికీ అప్పు లేదు. బ్యాంకు మునిగితే బీమా ఒక్కో బ్యాంకులో మనిషికి 5 లక్షల వరకే కాబట్టి పెద్ద మొత్తం పోస్టాఫీసులో, మిగతాది మూడు బ్యాంకుల్లో. ఇంట్లో ఏదీ మారకూడదు. పాలవాడి లెక్క, కరెంటు బిల్లు, పూల బేరం, అన్నీ ఎప్పటిలాగే.

కానీ చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకుంటేగా. పిన్ని ఫోన్ చేసి "కట్నం ఇచ్చి పంపారుగా, మళ్ళీ వాటా ఏంటే" అంది. తాతగారి నుంచి వచ్చిన భూమి. మన రాష్ట్రంలో ఆడపిల్లకి అందులో హక్కు 1985లోనే వచ్చింది, నా పెళ్ళి ఆ తర్వాతే, 1998లో. చెప్పినా వినదు.

పిన్నినైనా భరించవచ్చు, ఆ బ్యాంకు కుర్రాణ్ణి మాత్రం మర్చిపోలేకపోతున్నాను. డబ్బు పడ్డ మూడోరోజే స్వీటు డబ్బాతో ఇంటికొచ్చాడు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు బంగారం మీద వడ్డీకి వారం గడువు అడగడానికి వెళితే, అదే బ్రాంచిలో నన్ను రెండు గంటలు నిలబెట్టారు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. ఇప్పుడు "మేడమ్, మీలాంటివాళ్ళ కోసమే ఈ పాలసీ" అట. "మధ్యలో తీసుకోవచ్చా?" అని రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ నవ్వాడు. చదివితే యులిప్, మన డబ్బు మార్కెట్లో పెట్టే బీమా పాలసీ. ఐదేళ్ళదాకా చెయ్యి పెట్టడానికి లేదు. నేను ఊ అనకముందే సంతకాలు పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో టిక్కులు పెట్టి తెచ్చాడు. కాగితాలు వెనక్కిచ్చి పంపేశాను.

ఆ టిక్కులు ఇదివరకు చూశాను. 2015, ఫిబ్రవరి. పూలింగ్ కాగితాల మీద కూడా అలాగే పెట్టి ఉంచారు. నాన్న ఒక్కో టిక్కు దగ్గరా ఆగి, కళ్ళజోడు తుడుచుకుని సంతకం చేస్తున్నారు. వరండాలో పూలత్త నిలబడి ఉంది. మా పొలంలో మల్లెపూలు కోసే మనిషి, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ. వేసవిలో తెల్లవారుజామున నాలుగింటికే చేలో ఉండేది. మొగ్గ విచ్చకముందే కోసి, తడిబట్టలో మూటగట్టి ఇస్తే నాన్న టీవీఎస్ మీద బ్యారేజీ దాటించి బెజవాడ మార్కెట్లో వేసేవారు. నాకోసం మాత్రం విడిగా ఓ మూర కట్టి ఉంచేది. ఆమె మూర అంటే మోచేయి దాటి ఇంకో జాన.

నాన్న బయటికి రాగానే "నా పేరు ఎక్కడ రాశారయ్యా?" అని అడిగింది.

నాన్న మాట్లాడలేదు. భూమి లేనివాళ్ళకి నెలకు 2,500 పింఛను ఇస్తారని పక్కనెవరో చెప్పారు. మాకు ఏటేటా ప్రభుత్వం ఇచ్చే కౌలు, ప్లాట్లు. ఆమెకి 2,500. పని మాత్రం ఆ ఏడాదితో పోయింది.

ఇక్కడిదాకా రాశాక మావారి మీద కోపం తగ్గింది. ఏదీ మారకూడదని నేననుకోవడమే సరిగా లేదేమో. పోస్టాఫీసు, బ్యాంకులు, పిల్లల చదువు, అన్నీ రాసుకున్న నా లెక్కల పుస్తకంలో కూడా పూలత్త పేరు లేదు. మా డబ్బులో ఆమె కోసిన మొగ్గలున్నాయి.

ఎంత ఇవ్వాలో తెలియదు. ఇస్తే తీసుకుంటుందో లేదో. మంగళగిరిలో కూతురి దగ్గర ఉంటోందని విన్నాను. అన్నయ్యకి చెబితే "ఒకరికిస్తే పదిమంది వస్తారు" అంటాడు. పదిమంది పనిచేసిన మాటా నిజమే. అయినా రేపు నంబరు అడుగుతాను. ఆరు నెలల నియమం ఈ ఒక్కదానికి వర్తించదు.

ఫ్రిజ్‌లో పూలు రెండు జానలు ఎక్కువున్నాయి. పొద్దున్నే వెళ్ళి వాటి డబ్బులు ఇచ్చేసి, అక్కా అనే పిలవమని చెప్పి రావాలి.