బుల్లెట్ ఛార్జింగ్ ఎక్కట్లేదా, ముందు బ్యాటరీ కొనెయ్యకండి

పాత బళ్ళున్నవాళ్ళకి ఒక్క మాట గట్టిగా చెప్పాలనుంది. బండి ఛార్జింగ్ ఎక్కట్లేదంటే మన ఊళ్ళలో మొదట వినపడేది "బ్యాటరీ పోయింది, కొత్తది వేసెయ్యండి" అనే, మీటరు పెట్టి చూసేవాళ్ళు తక్కువ. కొత్త బ్యాటరీ షాపులోంచి ఫుల్ ఛార్జితో వస్తుంది కాబట్టి కొన్నాళ్ళు బండి బ్రహ్మాండంగా నడుస్తుంది, తర్వాత మళ్ళీ హారన్ మూలుగుడు, మళ్ళీ ఇండికేటర్ మెల్లగా కొట్టుకోవడం, ఈలోగా ఆ కొత్త బ్యాటరీ కూడా సగం ఛార్జి మీద పడుండి పడుండి ప్లేట్లకి సల్ఫేటు పట్టేసి పాడైపోతుంది. చాలాసార్లు బ్యాటరీ తప్పేం ఉండదు, దానికి అన్నం పెట్టేవాడే లేడు.

నా దగ్గరున్నది మా చినాన్న నడిపిన 350 స్టాండర్డ్ బుల్లెట్టు, పాయింట్లది (అంటే స్పార్కు కోసం కరెంటుని కలిపి విడదీసే చిన్న స్విచ్చి ఉన్న పాత రకం), 12 వోల్టులు, కుడికాలు గేరు ఎడమకాలు బ్రేకు. శ్రీకాకుళం నుంచి విజయనగరం వస్తుంటే రణస్థలం దాటాక హారన్ గొంతు పూడుకుపోయింది, నాతవలస దగ్గర హైవే దిగి తిరుగుదామని బ్రేకు నొక్కితే ఇంజన్ మిస్సింగ్ కొట్టింది. బ్రేకు నొక్కినప్పుడే మిస్సింగ్ అంటే అది కార్బొరేటర్ కాదు. ఇలాంటి పాయింట్ల బండికి స్పార్కు బ్యాటరీ మీదే నడుస్తుంది, బ్రేక్ లైట్ వెలిగేసరికి ఉన్న కాస్త వోల్టేజీ కూడా పడిపోయి స్పార్కు పుట్టించే కాయిల్‌కి బలం చాలదు.

ఇక్కడ చాలామంది "హెడ్‌లైట్ బాగానే వెలుగుతోంది కదా, ఆల్టర్నేటర్ బాగున్నట్టే" అంటారు. ఆల్టర్నేటర్ అంటే ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది. మన దేశంలో తిరిగిన చాలా బుల్లెట్లలో హెడ్‌లైట్‌కి ఆల్టర్నేటర్ నుంచి వేరే కాయిళ్ళు నేరుగా ఏసీ ఇస్తాయి, బ్యాటరీ ఛార్జింగ్ కాయిళ్ళు వేరు, అంచేత లైటు చూసి ఛార్జింగ్ సంగతి చెప్పలేం.

హెడ్‌లైట్ పైన ఉండే అమ్మీటర్‌ని (బ్యాటరీలోకి కరెంటు వస్తోందా, పోతోందా చూపించేది) మాత్రం నమ్మండి, పాతకాలం వాళ్ళు ఊరికే పెట్టలేదు. కీ తిప్పినప్పుడు పాయింట్లు మూసుకుని ఉంటే ముల్లు మైనస్ వైపు వాలుతుంది, కిక్ మెల్లగా తొక్కుతుంటే పాయింట్లు విడిపోయినచోట మధ్యకి వస్తుంది, పెద్దవాళ్ళు అక్కడే ఇంజన్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లీవర్ నొక్కి బండి స్టార్ట్ చేసేవారు. స్టార్ట్ అయ్యాక రేజ్ చేస్తే ముల్లు ప్లస్ వైపు కదలాలి, బ్యాటరీ నిండాక మధ్యకి చేరాలి. నాది ఇంటి దగ్గర చల్లగా ఉన్నప్పుడు ప్లస్ చూపించేది, కాసేపు తిరిగాక మైనస్‌లోనే ఉండిపోయేది. అసలు గుట్టు ఇక్కడే ఉంది.

మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి, నాలుగైదు వందల్లో వస్తుంది. బండి ఆపి కాసేపు ఊరుకున్నాక బ్యాటరీ మీద 12.6 దాకా ఉంటే నిండినట్టు, 12.2 అంటే సగం. స్టార్ట్ చేసి రేజ్ చేస్తే 13.8 నుంచి 14.5 మధ్యకి ఎక్కాలి. 15 దాటితే వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ వదిలేసింది, యాసిడ్ మరిగిపోతుంది. అసలు కదలకపోతే ఆల్టర్నేటర్ కాయిలో, ఏసీని డీసీ చేసే రెక్టిఫయరో, మధ్యలో వైరో. రెక్టిఫయర్‌లో కరెంటుని ఒకవైపే వదిలే డయోడ్లు మీటర్‌లో ఒకవైపు అర వోల్టు పైన చూపించి రెండోవైపు ఏమీ చూపించకూడదు, నావి బాగానే ఉన్నాయి. ఆల్టర్నేటర్ వైర్లు ఊడదీసి ఏసీలో చూస్తే చల్లటి ఇంజన్ మీద 28 దాకా వెళ్ళింది, అంటే దిట్టంగా ఉన్నట్టే కదా.

విజయనగరం కోట జంక్షన్ వైపు ఒక పెద్ద మెకానిక్ ఉన్నారు, మావయ్యా అని పిలుస్తాను, ఆయన ఆ రీడింగ్ విని "సల్లగున్నప్పుడు సూస్తే ఏటి తెలుస్తాది బాబూ, ఇంజన్ కాలిపోతున్నప్పుడు సూడాల" అన్నారు. అలాగే ఊరు దాటి బాగా తిప్పి తీసుకొచ్చి వెంటనే వైర్లు ఊడదీసి చూస్తే అదే రేజింగ్‌కి 11 దగ్గర ఆగిపోయింది, కాయిల్‌కీ ఇంజన్ బాడీకీ మధ్య మీటర్ పెడితే కరెంటు దాటుతోంది, అలా అస్సలు దాటకూడదు. వేడికి రాగి సాగి, తీగ మీది ఎనామిల్ పూత పోయినచోట చుట్టుకి చుట్టు తగిలిపోతోంది, లోపలి ఇనప కోరుకి కూడా.

బుల్లెట్‌లో ఆల్టర్నేటర్ ఎడమవైపు ప్రైమరీ చైన్ కవర్ లోపల ఉంటుంది, ఫుట్‌రెస్టూ బ్రేక్ పెడలూ తీసి, కింద ట్రే పెట్టుకుని మధ్యలో ఉన్న ఒక్క నట్టు విప్పితే కవర్ వచ్చేస్తుంది, ఆయిల్ కారుతుంది. ఏళ్ళ తరబడి ఆ వేడి ఆయిల్‌లో నానితే ఏ ఇన్సులేషన్ మాత్రం నిలబడుతుంది. కాయిల్ నుంచి బయటికి వచ్చే వైరు చైన్‌కి రాసుకుందేమో కూడా అప్పుడే చూసుకోండి.

కొత్త స్టేటర్ (ఆల్టర్నేటర్‌లో కాయిళ్ళుండే కదలని భాగం) దొరుకుతుంది గానీ నాకు పాతది బతికించాలనిపించింది. మన జిల్లాలో పొలం మోటర్లు కాలిపోతే చుట్టే రీవైండింగ్ షాపులు ఊరూరా ఉన్నాయి, వాళ్ళ చేతిలో ఉన్న పనితనానికి దండం పెట్టాలి. కాయిళ్ళు ఆరు, పక్కపక్క కాయిళ్ళు ఒకటి ఇటు చుడితే రెండోది అటు చుట్టాలి, అది తప్పితే ఒకదాని కరెంటుని ఇంకొకటి తినేస్తుంది. పాత చుట్లు విప్పుతూ లెక్కపెట్టి అదే గేజి తీగతో చుట్టి, వార్నిష్ ముంచి వేడిలో ఆరబెట్టి ఇచ్చారు. బిగించేటప్పుడు లోపల తిరిగే రోటర్‌కీ స్టేటర్‌కీ మధ్య చుట్టూరా 8 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), అంటే 0.2 మిల్లీమీటర్ల ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) దూరాలి, ఒక్కచోట తగిలినా కొత్త కాయిల్ మళ్ళీ రాసుకుపోతుంది, ఇక్కడ మాత్రం తొందర పడొద్దు.

అంతా అయ్యాక వేడి ఇంజన్ మీద రెగ్యులేటర్ దగ్గర 14.1, బ్యాటరీ దగ్గరేమో 13.4. మధ్యలో 0.7 ఎక్కడ పోతోందని ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి చాసిస్ మీద పెట్టి ఇంజన్ నడుస్తుండగా చూస్తే అక్కడే దాదాపు మొత్తం దొరికింది, నిజానికి 0.2 మించకూడదు. బ్యాటరీ మైనస్ వైరుని చాసిస్‌కి కలిపే ఎర్త్ బోల్టు కింద పెయింటు, దాని మీద చిలుము. కళింగపట్నం, బారువ వైపు ఉన్నవాళ్ళకి సముద్రపు గాలికి ఈ చిలుము ఇంకా తొందరగా పడుతుంది. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, బోల్టు బిగించి, పైన కాస్త వాజలీన్ రాస్తే బ్యాటరీ మీద 14 వచ్చింది. మీ బండికి మొదట చూడాల్సింది ఇదే, పైసా ఖర్చు లేదు, ఒక్క స్పానర్ చాలు.