చీమకుర్తి నలుపు ఇంకా లొంగలేదు

చీమకుర్తి గ్రానైట్ నూరి నీటిరంగు చేద్దామని చూస్తే, ఈసారి కూడా బూడిద రంగే. బ్రష్ పెట్టినప్పుడు నిగనిగలాడే నలుపు, ఆరేసరికి సిమెంటు గోడలా పాలిపోయింది. ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ అని కొనుక్కుపోయే రాయి ఇది. దాన్ని నూరితే నలుపు ఎందుకు రాదు!

కొత్త బొమ్మల వరసకి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఏ ఊరి బొమ్మ ఆ ఊరి మట్టితోనే వెయ్యాలి. కొండపి వైపు పొగాకు బ్యారన్ (ఆకు ఆరబెట్టే ఇటుక గది) ఒకటి గీస్తుంటే తట్టిన ఆలోచన ఇది. బ్యారన్ ఇటుక, దాని ముందు చేను, నా చెప్పులకంటిన దుమ్ము మూడూ ఒకే ఎరుపులో ఉన్నాయి. ట్యూబు రంగులు కలిపి ఆ ఎరుపు కోసం తంటాలు పడటమెందుకు, అదే మట్టి ఉండగా? అప్పట్నుంచీ నోటుబుక్కులో స్కెచ్ పక్కనే అక్కడి మట్టి తడిపి ఒక మరక వేస్తున్నా. ఫోటోల కంటే ఆ మరకలే ఎక్కువ ఆలోచనలిస్తున్నాయి.

ఎర్రమట్టి మొదటిసారే కుదిరింది. మార్కాపురం పలక పొడి ఇంకా మెత్తగా, చక్కగా పరుచుకుంది.

ఇక గెలాక్సీ. మొదట పాలిషింగ్ ఫ్యాక్టరీ బయట ఎండిన స్లర్రీ (రాయి కోసినప్పుడు వచ్చే బురద) తెచ్చా. రంగు ఆరాక గోధుమరంగు చుక్కలు లేచాయి. గ్యాంగ్‌సా అనే పెద్ద రంపంతో రాయి కోసేటప్పుడు ఉక్కు రవ్వ, సున్నం కలిపిన నీళ్లు పోస్తారు. ఆ ఉక్కే తుప్పు పట్టిందన్నమాట. అయస్కాంతం తిప్పితే చుక్కలు పోయాయి గానీ పొడి ఇంకాస్త తెల్లబడింది. రాతిలో సహజంగా ఉండే నల్లటి ఇనుప ఖనిజం కూడా అయస్కాంతానికి అంటుకుపోయిందని నా అనుమానం.

అందుకని స్లర్రీ వదిలేసి రాతి ముక్కలే తెచ్చి ఇనప రోట్లో దంచి, కల్వంలో నూరా. 200 మెష్ అనే చాలా సన్నటి జల్లెడ పట్టి, నీళ్లలో కలిపి తేర్చా. అడుగున దిగిన ముతక పొడి ముదురు రంగు. పైన తేలి చివర్న పేరుకున్న మెత్తటి పొడి లేత బూడిద. ఎంత మెత్తగా నూరితే అంత తెల్లన!

10 గ్రాముల మెత్తటి పొడికి 5 మిల్లీలీటర్ల తుమ్మబంక నీళ్లు పోస్తే సుద్దలా రాలింది. 8 పోస్తే నిలబడింది, రంగు మాత్రం బూడిదే. 12 పోస్తే కొంచెం ముదిరింది గానీ పాన్‌లో (రంగు ఆరబెట్టే చిన్న డబ్బీలో) అడ్డంగా నెర్రెలిచ్చింది. నెర్రెలు ఆపుదామని రంగులో కలిపే తేనె పెంచితే ఒంగోలు ఉక్కకి వారమైనా జిగట పోలేదు. బంక మాత్రం పచారీ కొట్లో లేతరంగు గడ్డలు ఏరుకున్నదే వాడుతున్నా, సీసాల్లో వచ్చేదానికంటే నాకు అదే నమ్మకం. కాగితం ఫాబ్రియానో 300 జీఎస్ఎం. లోపం దానిలో లేదు.

ముతక పొడి నల్లగానే ఉంటుంది, ఎండలో పెడితే గెలాక్సీ మెరుపులూ కనిపిస్తాయి. ఆ మెరుపు రాతిలోని బ్రాంజైట్ అనే ఖనిజం రేకులది. మెత్తగా నూరితే అదీ మాయం. ముతకది వాడదామంటే కాగితానికి అంటదు, వేలు రాస్తే ఊడొస్తుంది.

పాలిష్ పట్టే పెద్దాయనకి చూపిస్తే, "నలుపు రాయిలో యాడుంది అబ్బాయ్, పాలిష్‌లో ఉంది. పాలిష్ పెట్టని దిమ్మె చూడు, అదీ బూడిదే గదా" అన్నాడు. ఆ మాట దగ్గరే ఆగిపోయా. నునుపు ముఖం మీద పడ్డ వెలుగు చాలావరకు రాయి లోపలికి దిగిపోతుంది. పొడిలో లెక్కలేనన్ని అంచులు, ప్రతి అంచూ వెలుగుని తిప్పికొడుతుంది. పైగా ఈ రాయి గ్యాబ్రో జాతిది, అందులో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బాగా ఉంటుంది, అది నలిగితే తెల్లనే.

కాబట్టి క్వారీ బొమ్మ ప్లాన్ మారింది. రాత్రి ఆకాశంలాంటి నల్లటి గోతి బదులు, పట్టపగలు దుమ్ము కప్పిన చెట్లు, లారీల దారి వేస్తా. దానికి ఈ బూడిదే సరైన రంగు. అయినా నలుపుని వదల్లేను. క్యామెల్ లాంప్ బ్లాక్ రెండు చుక్కలు కలిపితే పనైపోతుంది, అప్పుడు నియమం పోతుంది. చిల్లకంప బొగ్గు కూడా ఈ నేలదే కదా. 10 గ్రాముల రాతిపొడికి 2 గ్రాముల బొగ్గు కలిపి, తడి మీదే ముతక గెలాక్సీ చల్లి, పైన పల్చటి బంకపూత వేసి చూడాలి. పూత నునుపుగా కుదిరితే పెద్దాయన చెప్పిన పాలిష్ కాగితం మీదికి వచ్చినట్టే.

వేసవిలో కనుపర్తి ఉప్పు మడులు. తడి రంగు మీద అక్కడి గళ్లుప్పే చల్లి ఆ మచ్చల్ని వాడుకోవాలనుంది. నెల్లూరు వైపు సైదాపురం కాకిబంగారం (అభ్రకం) కూడా జాబితాలో ఉంది. పొడిగా నూరితే రేకులు జారిపోతాయి, నలగవు. నీళ్లు పోసి నూరాలి. ఎవరన్నా ఆ వైపు వెళ్తే గుప్పెడు చిన్న రేకులు తెచ్చిపెట్టండి, ఎర్రమట్టితో చేసిన పాన్ ఒకటి బదులిస్తా.