మూతి పక్కకి పోయినప్పుడు మా నాన్నే నాకు దారి చూపించాడు

మాఘమాసం, పెళ్ళిళ్ళు జోరుగా ఉన్నాయి, పొద్దున్నే మొహం కడుక్కుని నీళ్ళు పుక్కిలిస్తుంటే కుడి పక్క నుంచి నీళ్ళన్నీ కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి ఎడమ పక్కకి లాగేసి ఉంది, కుడి కన్ను ఎంత మూద్దామన్నా మూత పడట్లా. మాది చిలకలూరిపేట దగ్గర పల్లె, మూడు తరాల నుంచి నాదస్వరం మీదే బతుకుతున్నాం, పెదాలకి పట్టు పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. మా ఆవిడ పక్షవాతం అనుకుని ఒకటే ఏడుపు. గాలి కొట్టిందని ఒకరు, పావురం నెత్తురు పూస్తే తగ్గుద్దని ఒకరు, ఇంటి నిండా జనం. మా డోలు వాయించే బావమరిది మాత్రం ఎవరి మాటా వినకుండా బండెక్కించి నర్సరావుపేట తీసుకుపోయాడు, ఆ పూట అతను చేసిన మేలు నేను మర్చిపోను.

డాక్టరు గారు కనుబొమలు పైకెత్తమన్నారు, కుడి పక్క నుదుటి మీద ఒక్క ముడత కూడా పడలా. చేతులు, కాళ్ళు, మాట అన్నీ చూసి, ఇది మెదడుకి వచ్చే పక్షవాతం కాదు నాయనా, దాంట్లో మామూలుగా నుదురు బానే కదులుద్ది, నీకు మొహానికి పోయే ఏడో నరం వాచింది, బెల్స్ పాల్సీ అంటారు అని చెప్పారు. ఆ నరం చెవి దగ్గర ఎముకలో సన్నటి సందులోంచి వస్తుందంట, వాస్తే అక్కడే నలిగిపోద్దంట, ఎక్కువగా వైరస్ వల్లే అనుకుంటారంట. స్టెరాయిడ్ మాత్రలు 3 రోజుల లోపల మొదలుపెడితే మంచిదని, షుగర్ చూసి రాసిచ్చారు. కంటికి చుక్కలు, రాత్రి పూట ఆయింట్‌మెంట్ పెట్టి రెప్ప మూసి టేపు వెయ్యాలి, లేకపోతే కన్ను ఎండిపోయి పుండు పడుద్ది. అసలు మందు వాడకపోయినా వందలో 70 మందికి పూర్తిగా తగ్గిపోద్దని కూడా చెప్పారు, కానీ నా దిగులంతా మిగిలిన 30 మంది గురించే.

మూతి కన్నా చెవి ఎక్కువ బాధ పెట్టింది. కుడి చెవిలో ప్రతి శబ్దం రెండింతలు వినపడేది, గిన్నె కింద పడితే తల పగిలిపోయినట్టుండేది, పుట్టిన దగ్గర్నుంచి డోలు పక్కన పెరిగినోణ్ణి, పక్క వీధిలో మేళం మోగుతుంటే గదిలో తలుపేసుకుని కూర్చున్నా. నాలుక మీద కుడి పక్క రుచి కూడా పోయింది. ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ మా పిన్ని కొడుక్కి ఇచ్చేశా.

అప్పుడు మా అమ్మ వచ్చి మంచం మీద కూర్చుని, మీ నాన్నకి పళ్ళు ఊడినప్పుడు నువ్వు చిన్నోడివి, నీకు తెలియదులే అని మొదలుపెట్టింది.

మా నాన్న సంగతి కొంచెం చెప్పాలి. ధనుర్మాసం నెల్లాళ్ళూ తెల్లారకముందే రామాలయం మెట్ల దగ్గర కూర్చుని భూపాళం వాయించి వచ్చేవాడు, శుక్రవారం మసీదుకి పోయేవాడు, ఊళ్ళో ఎవ్వరికీ అది వింతగా ఉండేది కాదు, మా వైపు నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి కదా. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టి శ్రీరంగం పోయి స్థిరపడ్డ నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారంటే నాన్నకి ప్రాణం, ఆయనకి 1977లో పద్మశ్రీ వచ్చిన సంగతి మా అందరికీ ఎన్నిసార్లు చెప్పాడో. 2020లో కలీషాబి, మహబూబ్ సుభాని దంపతులకి పద్మశ్రీ అని టీవీలో వస్తే మంచం మీద లేచి కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు, ఆ తర్వాత ఏడాదే పోయాడు. పెళ్ళిలో ఇచ్చిన లడ్డూలు ఒక్కటి కూడా నోట్లో వేసుకోకుండా మూట కట్టి తెచ్చి ముందు అమ్మకి, తర్వాత మాకు పెట్టేవాడు. ఆషాఢం, మూఢం వస్తే పెళ్ళిళ్ళుండవు, అప్పుడు పత్తి చేలో కూలికి పోయేవాడు, అట్టాగే ముగ్గురు అక్కలకి పెళ్ళి చేశాడు.

అమ్మ చెప్పింది ఏందంటే, నాన్నకి ముందు పళ్ళు ఊడి కట్టుడు పళ్ళు పెట్టించుకుంటే, నాదస్వరం కొసన పెట్టి ఊదే పీక మీద పెదం నిలవలేదంట. ఇంక మానెయ్యి అన్నారంట తోటి వాళ్ళు. నాదస్వరానికి వేళ్ళు పెట్టే రంధ్రాలు ఏడే, మధ్యలో పలికే స్వరాలు, గమకాలు అన్నీ గాలి, పెదాల పట్టు మీదే రావాలి, మరి పెదమే మాట వినకపోతే? నాన్న వాద్యం పక్కన పెట్టి, పీక ఒక్కటే తీసుకుని కాలవ గట్టుకి పోయి కూర్చునేవాడంట, షడ్జం, అంటే 'స' స్వరం ఒక్కటే, పొద్దున కాసేపు సాయంత్రం కాసేపు, నొప్పి పుడితే ఆపేసి ఇంటికొచ్చేవాడంట. మళ్ళీ సరళీ స్వరాల దగ్గర్నుంచి చిన్నపిల్లోడిలా మొదలుపెట్టాడంట. మాకు అన్నం తక్కువైన రోజులవి అని కూడా అమ్మ అప్పుడే చెప్పింది, ఆయన ఉన్నన్నాళ్ళూ మాకు ఆ సంగతి తెలియనివ్వలా.

ఫిజియో అమ్మాయి కూడా నాకు అచ్చం అదే చెప్పింది, అద్దం ముందు కూర్చుని మెల్లగా చెయ్యండి, గట్టిగా బలం పెట్టొద్దు, బలవంతం చేస్తే నరం తప్పు దారిలో అతుక్కుని మూతి కదిలిస్తే కన్ను మూసుకుపోద్ది అని. మూడు నాలుగు వారాలకి పెదం కొస కొంచెం కదిలింది, ఆ రోజు మా ఆవిడ వీధంతా చెప్పొచ్చింది. శ్రీరామనవమి కల్యాణానికి నేను తాళం పట్టుకుని కూర్చున్నా, గట్టిమేళం మా తమ్ముడే వాయించాడు, చెవి అప్పటికి ఓర్చుకుంది. డాక్టరు గారు సరే అన్నాక నాన్న పీక తీసుకుని నేనూ షడ్జంతోనే మొదలుపెట్టా, మొదట్లో పక్క నుంచి గాలి పోయి తుస్సుమనేది. ఆషాఢమంతా సరళీ స్వరాలే. శ్రావణంలో మొదటి పెళ్ళి ఒప్పుకున్నా, తాళి కట్టే వేళకి గట్టిమేళం నిలబడి వాయించా, తర్వాత ఆనందభైరవి కూడా వాయించా, అమ్మ ముందు వరసలో కూర్చుని విన్నది.

ఇప్పటికీ గట్టిగా ఊదితే కుడి కన్ను కొంచెం చిన్నదవుద్ది, అంతే. మూతి వంకర పోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట తేడా వచ్చినా అదేందో మనకి మనమే అనుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోండి, పావురాలూ పసర్లూ అని రోజులు పోగొట్టుకోవద్దు, ఆ మాట చెబుదామనే ఇదంతా రాశా. మా పెద్దోడికి ఈ మధ్యే పీక ఒక్కటే ఇచ్చి కూర్చోబెట్టా, వాద్యం ఎప్పుడిస్తావు నాన్నా అని రోజూ అడుగుతున్నాడు, షడ్జం నిలబడినాక ఇస్తానని చెప్పా.