అరవై గజాల ఇంట్లో చెట్టు ఎక్కడ పెట్టాలి

హైదరాబాద్‌లో పచ్చదనం అనగానే అందరూ కేబీఆర్ పార్కు, జూబ్లీహిల్స్ రోడ్లే చూపిస్తారు. 2021లో మన సిటీకి ‘ట్రీ సిటీ ఆఫ్ ది వరల్డ్’ గుర్తింపు కూడా వచ్చింది, సంతోషమే. కానీ అదే జూబ్లీహిల్స్ దాటి బోరబండ వైపు గల్లీల్లోకి వెళ్ళి చూడండి, ఇంటి గోడ అవ్వగానే మోరీ, మోరీ అవతల ఇంకో ఇంటి గోడ. రోడ్డు పక్కన మొక్క పెడదామంటే అసలు పక్క అనేదే ఉండదు. కాబట్టి బస్తీలో చెట్టు లేవాలంటే అది ఎవరో ఒకళ్ళ సొంత జాగాలోనే లేవాలి, వేరే దారి లేదు.

చెట్టు అవసరం ఎక్కువ ఉన్నది కూడా అక్కడే కదా. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి రేకుల ఇంట్లో కూర్చుంటే తెలుస్తుంది, ఫ్యాన్ తిరిగేకొద్దీ పైనున్న వేడే కిందికి కొడుతుంది, చిన్నపిల్లలకి ఒళ్ళంతా చెమటకాయలు. ఏసీ కొనే స్తోమత లేని ఇంటికి పడమటి గోడ పక్కన ఒక జామ చెట్టో కానుగ చెట్టో ఉంటే చాలు, సాయంత్రం ఎండ నేరుగా గోడకి కొట్టదు.

తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటించే హరితహారం పథకంలో ఇంటికి ఆరు మొక్కలు అన్నారు. మంచి ఆలోచనే, కానీ అరవై గజాల ఇంటికి ఆరెందుకు, ఒక్కటి చాలు, కాకపోతే ఆ ఒక్కటి వాళ్ళు నోరు తెరిచి అడిగిందై ఉండాలి. మేం బస్తీల్లో పంచడానికి మొక్కలు తీసుకెళ్ళినప్పుడు ఒక పెద్దమ్మ మందారాన్ని అట్లా పక్కకి జరిపి, "పూలేం జేసుకోను బిడ్డా, మునగ ఇయ్యి, కాయ కాకున్నా ఆకైతే కూరకొస్తది" అంది. పక్కింటావిడేమో మునగ అస్సలొద్దు, గొంగళి పురుగులొస్తయ్, పిల్లలున్నరు అని కరివేపాకు తీసుకుంది. ఇద్దరిదీ నిజమే. మునగ కొమ్మ పాతితే బతుకుతుంది, తొందరగా ఎదుగుతుంది, కానీ కొమ్మలు పెళుసు, గాలివానకి విరిగి రేకుల మీద పడతాయి, అందుకే ఏటా పైన నరికి పొట్టిగా ఉంచుకోవాలి.

గుట్ట మీద బస్తీల్లో ఇంకో తిప్పలు, గడ్డపారతో రెండు అడుగులు తవ్వేసరికి ఖంగుమని బండ తగులుతుంది. అక్కడ నీలం డ్రమ్ముని సగానికి కోసి, అడుగున చిల్లులు పెట్టి, ఎర్రమట్టీ పశువుల ఎరువూ నింపి నిమ్మ, కరివేపాకు పెట్టడం ఒక్కటే మార్గం. నీడ పెద్దగా రాదు గానీ మొక్క బతుకుతుంది. నల్లా రోజు విడిచి రోజు వచ్చే చోట బియ్యం కడిగిన నీళ్ళూ, కూరగాయలు కడిగిన నీళ్ళూ దానికే.

అన్నిటికంటే కష్టం కిరాయి ఇళ్ళు. ఉండేవాళ్ళకి చెట్టు కావాలి, ఓనర్‌కి వద్దు. ఓనర్‌దీ పూర్తిగా తప్పనలేం, రేపు పైన ఇంకో అంతస్తు వెయ్యాలంటే చెట్టు అడ్డం, కొట్టేద్దామంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం పర్మిషన్ తీసుకోవాలి, ఆ తిరుగుడు ఎవరు తిరుగుతారు అంటాడు. కరెంటు వైర్లకి కొమ్మలు తగిలితే అదొక గొడవ. అందుకే నా ఉద్దేశంలో ముందు ఓనర్‌తో కూర్చొని మాట్లాడాలి, వైర్ల కింద పొట్టి చెట్లే ఇవ్వాలి, ఏడాదికోసారి కొమ్మలు కొట్టే మనిషి కూలీ కూడా మొక్కలిచ్చేవాళ్ళే పెట్టుకోవాలి. మొక్క ఖర్చు చాలా తక్కువ, తర్వాతి రెండు ఎండాకాలాలదే అసలు ఖర్చు, ఆ డబ్బులు మాత్రం ఎవరూ లెక్కలో రాయరు.

జూన్‌లో వానలు పడగానే మళ్ళీ మొదలుపెడుతున్నాం. ఈసారి మొక్కల కంటే డ్రమ్ములే ఎక్కువ కావాలి, ఇంట్లో పాతవి ఉంటే పారెయ్యకండి, కెమికల్ పోసినవి మాత్రం వద్దు.