పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఒక ఎర్ర చొక్కా

2006 జూన్ 10, రాత్రి తొమ్మిదిన్నర. కాకినాడలో మా హాస్టల్ టీవీ గదిలో ఇరవై మందిమి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మ్యాచ్‌లో స్వీడన్ ఎన్ని గోల్స్ కొడుతుందో చూద్దామని కూర్చున్నాం. ఎదుటి జట్టు ట్రినిడాడ్ అండ్ టొబాగో. బ్రయాన్ లారా పుట్టిన దేశమని తప్ప మాకు దాని గురించి ఇంకేమీ తెలియదు. రెండో సగం మొదలవుతూనే ఏవరీ జాన్‌కు రెడ్ కార్డు పడింది, వాళ్లు పది మందే మిగిలారు. గోల్‌కీపర్ షాకా హిస్లప్ ఆ రోజు ఆడవలసినవాడు కాదు. వార్మప్‌లో కెల్విన్ జాక్ గాయపడితే అప్పటికప్పుడు దిగాడు. వచ్చిన బంతినల్లా అతను ఆపుతుంటే మా గది గదంతా వాళ్ల పక్షానికి వచ్చేసింది. చివరకు 0–0. జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో వాళ్లు, కాకినాడలో మేము, గెలిచినట్లే గెంతాం.

ఆ దేశం ఒకసారి చూడాలన్న కోరిక ఆ రాత్రి పుట్టింది. చాలా ఏళ్ల తర్వాత, టొరంటోలో ఉద్యోగం చేస్తున్నప్పుడు తీరింది.

మొదటి ఉదయం రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో రోడ్డు పక్కన డబుల్స్ తిన్నాను. బరా అని పిలిచే మెత్తటి చిన్న పూరీలు రెండు, వాటి మధ్య శనగల కూర, పైన చింతపండు చట్నీ, మిరప కారం. కాగితంలో చుట్టి ఇస్తారు, నిలబడే తినాలి. చేతికంటిన పసుపు సాయంత్రం దాకా వదలలేదు. ఆ చేతులతోనే హేస్లీ క్రాఫర్డ్ స్టేడియం వైపు నడిచాను. 1976 ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు గెలిచి దేశానికి తొలి బంగారు పతకం తెచ్చిన వ్యక్తి పేరు అది.

గేటు దగ్గర వెలిసిపోయిన ఎర్ర చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన కనిపించారు. వయసు డెబ్బై దాటి ఉంటుంది. ఇంత దూరం ఫుట్‌బాల్ కోసం వచ్చానని చెబితే మొదట నమ్మలేదు. డోర్ట్‌మండ్ మ్యాచ్ సంగతి చెప్పాక పక్కన కూర్చోబెట్టుకున్నారు. కానీ ఆయన అక్కడి నుంచి మొదలుపెట్టలేదు. 1973 నుంచి మొదలుపెట్టారు.

ఆ ఏడాది డిసెంబరులో 1974 ప్రపంచ కప్ అర్హత పోటీలు హైతీలో జరిగాయి. ట్రినిడాడ్ మెక్సికోను 4–0తో ఓడించింది. స్టీవ్ డేవిడ్ ఆ పోటీలన్నిటిలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టాడు. అయినా హైతీతో ఆడిన మ్యాచ్‌లో మాత్రం ట్రినిడాడ్ కొట్టిన నాలుగు గోల్స్ చెల్లవన్నారు. 2–1తో ఓడిపోయారు. హైతీ ప్రపంచ కప్‌కు వెళ్లింది. "మా నాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు" అన్నారాయన.

ఆ జట్టులో ఆడిన ఎవరాల్డ్ 'గాలీ' కమ్మింగ్స్ 1989 నాటికి కోచ్ అయ్యాడు. నవంబరు 19న ఇదే మైదానంలో అమెరికాతో ఆఖరి మ్యాచ్. డ్రా అయినా చాలు, 1990 ప్రపంచ కప్‌కు ఇటలీ వెళ్లిపోవచ్చు. దేశమంతా ఎర్ర బట్టలు కట్టుకుంది. స్టేడియంలో పట్టేదానికంటే ఎక్కువ టికెట్లు అమ్మారు, చేతిలో టికెట్ ఉండి కూడా బయటే నిలబడినవాళ్లు ఎందరో. ఈ పెద్దాయన తెల్లవారుజామునే వచ్చి మెట్ల మీద చోటు పట్టుకున్నారు. ముప్పయ్యో నిమిషంలో అమెరికా ఆటగాడు పాల్ కాలిజూరి దూరం నుంచి ఎడమ కాలితో కొట్టాడు. బంతి గాలిలో వంగి వచ్చి గోల్‌లో పడింది. "అది పడుతుంటే చూశాను. ఇప్పటికీ పడుతూనే ఉంది" అని గాలిలో వేలితో ఆ వంపు గీసి చూపించారు. గీస్తున్న వేలు వణికింది. అరవై నిమిషాలు మిగిలి ఉన్నా ట్రినిడాడ్ వాళ్లు ఒక్క గోల్ కొట్టలేకపోయారు. పద్దెనిమిదేళ్ల డ్వైట్ యార్క్ ఆ జట్టులో ఉన్నాడు.

ఆ తర్వాత జరిగిందే నన్ను కదిలించింది. ఎవరూ గొడవ చేయలేదు, ఎవరి మీదా చేయి చేసుకోలేదు. ఆ ఏడాది ఫిఫా ఫెయిర్ ప్లే అవార్డు ఏ ఆటగాడికీ ఇవ్వలేదు, ట్రినిడాడ్ ప్రేక్షకులకు ఇచ్చింది. "ఆ అవార్డులో నాకూ ఇంత ముక్క ఉంది" అంటూ ఆయన చిటికెన వేలి కొన చూపించారు. నా మటుకు అది ఏ కప్పుకూ తీసిపోదు.

పదహారేళ్లు గడిచాయి. 2005 నవంబరులో ప్రపంచ కప్ అర్హత కోసం బహ్రెయిన్‌తో ఇక్కడ 1–1, నాలుగు రోజుల తర్వాత వాళ్ల రాజధాని మనామాలో యార్క్ కార్నర్ కిక్ కొడితే ఆరున్నర అడుగులు దాటిన డెనిస్ లారెన్స్ తలతో గోల్‌లోకి నెట్టాడు. మర్నాడు దేశమంతా సెలవు. జర్మనీలో ఇంగ్లండ్‌ను ఎనభై మూడో నిమిషం దాకా నిలువరించారు. మూడు మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా కొట్టలేదు. పదమూడు లక్షల మంది దేశం. ప్రపంచ కప్ చేరిన దేశాల్లో అంతవరకు ఇంతకంటే చిన్నది లేదు.

"కూవా వెళ్లి చూడండి" అని పంపారాయన. సిటీ గేట్ బస్టాండు దగ్గర ఆకుపచ్చ గీత ఉన్న మ్యాక్సీ, అంటే అందరూ కలిసి ఎక్కే వ్యాను, ఎక్కాను. అటువైపు ఇంటింటి ముందూ వెదురు కర్రలకు జెండాలు, పూజ చేసినప్పుడు కట్టినవి. ఒకప్పుడు చెరకు తోటల కోసం మన దేశం నుంచి కూలీలను తెచ్చిన ప్రాంతం ఇది. ఎక్కువ మంది కలకత్తా నుంచి వచ్చారు, కొందరు మద్రాసు రేవులో ఓడ ఎక్కారు. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఇక్కడ వారందరినీ కలిపి మద్రాసీలు అన్నారు. మ్యాక్సీలో పక్కన కూర్చున్న ఆవిడ తన ముత్తవ్వ మద్రాసీ అని చెప్పి, నేను మాట్లాడే భాష ఒకసారి వినిపించమన్నారు. "మీది ఏ ఊరు?" అన్నాను. ఆవిడ తిరిగి పలకబోయి, 'ఊరు' అన్న మాట దగ్గర ఆగి, దాన్నే రెండుసార్లు అన్నారు.

కూవాలోని ఆటో బోల్డన్ స్టేడియం చిన్నది. 2017 అక్టోబరు 10, మంగళవారం, 2018 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో ఆఖరి మ్యాచ్‌కు అమెరికా ఇక్కడికి వచ్చింది. ముందురోజు వానకు మైదానం చెరువైంది. ట్రినిడాడ్ అప్పటికే పోటీలోంచి తప్పుకుంది కనుక జనం కూడా పెద్దగా రాలేదు. అమెరికా ఆటగాడు ఒమర్ గొంజాలెజ్ కాలికి తగిలి సొంత గోల్ పడింది. తర్వాత ట్రినిడాడ్ ఆటగాడు ఆల్విన్ జోన్స్ దూరం నుంచి కొట్టిన బంతి కీపర్‌ను దాటి పోయింది. ఆ జోన్స్ తండ్రి కెల్విన్ కూడా జాతీయ జట్టుకు ఆడినవాడే. 2–1. అమెరికా ప్రపంచ కప్‌కు దూరమైంది.

ఖాళీ స్టాండులో చాలాసేపు కూర్చున్నాను. ఆ రాత్రి పెద్దాయన ఇక్కడికి రాలేదు, వంటింట్లో రేడియో పెట్టుకుని విన్నారట. రెండో గోల్ పడగానే లేచి వెళ్లి బీరువాలోంచి 1989 నాటి చొక్కా తీసి తొడుక్కున్నారట. నేను గేటు దగ్గర చూసిన చొక్కా అదే.